ఫెర్మీ బుడగలు: కృష్ణబిలం పనా, నక్షత్రాల పనా?

మే చివర్లో దేవరకొండ పల్లెల్లో అర్ధరాత్రి దాటాక దక్షిణం వైపు చూస్తే వృశ్చికం, దాని తోక పక్కనే ధనుస్సు కనిపిస్తాయి. మన పాలపుంత నడిబొడ్డు అటే. అక్కడి నుంచి పైకీ కిందికీ దాదాపు 25,000 కాంతి సంవత్సరాల చొప్పున రెండు గామా కిరణాల బుడగలు ఉబ్బి ఉన్నాయి. కంటికి కనబడవు. ఫెర్మీ టెలిస్కోప్ డేటాలో 2010లో బయటపడ్డాయి.

ఒక వాదన ప్రకారం, నడిమధ్యలో 40 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఒకప్పుడు బోలెడంత వాయువును మింగి, శక్తిని ఎగజిమ్మింది. బుడగల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. గామా కిరణాలు పుట్టించే ఎలక్ట్రాన్లు త్వరగా చల్లారిపోతాయి కాబట్టి, ఇది ఈమధ్యే, అంటే కొన్ని పదుల లక్షల ఏళ్ల కింద జరిగి ఉండాలి. చిక్కల్లా ఒక్కటే: కృష్ణబిలం జెట్, అంటే అది ఎగజిమ్మే సన్నటి ధార, ఎటైనా వాలొచ్చు, బుడగలు మాత్రం నిటారుగా ఉన్నాయి.

నక్షత్రాల వాదనకు ఆ ఇబ్బంది లేదు. కేంద్రంలో పెద్ద నక్షత్రాలు వరసగా పేలితే, ఆ గాలి పళ్లెం లాంటి గెలాక్సీకి అడ్డంగా కాక, పైకీ కిందికీ దారి వెతుక్కుంటుంది. కానీ అది నిదానంగా నడిచే పని, చాలా కాలం పడుతుంది.

2020లో ఈరోసీటా అనే అంతరిక్ష టెలిస్కోప్ ఎక్స్‌రేలలో ఇంకా పెద్ద బుడగల్ని చూపించింది. అంత శక్తి కావాలంటే, నా మొగ్గు కృష్ణబిలం వైపే.