తువ్వాలు పిండి రెండేళ్లయింది: స్పిన్నర్‌తో నా అనుభవం

తడి బట్టల్లోని నీళ్లు తీసే స్పిన్నర్ మెషిన్ కొన్నాక, నేను చేత్తో తువ్వాలు పిండి రెండేళ్లు దాటింది. ఈ ఒక్క మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. చేతులు బాగున్నవాళ్లకు ఇందులో విశేషం కనిపించకపోవచ్చు. బొటనవేలి మొదట్లో కీలు అరిగినవాళ్లకు మాత్రం వేరే చెప్పక్కర్లేదు.

ఉతకడం నాకు పెద్ద కష్టం కాదు. బాగా నానబెట్టి, అరచేతులతో నొక్కి, నెమ్మదిగా జాడిస్తే మురికి వదులుతుంది. ప్రాణం పోయేది పిండేటప్పుడే. బట్టను గట్టిగా పట్టుకోవాలి, పట్టు వదలకుండా మెలితిప్పాలి. ఆ రెండింటి భారమూ ఆ ఒక్క కీలు మీదే పడుతుంది. మా ఫిజియోథెరపిస్టు చెప్పిన లెక్క ఇప్పటికీ గుర్తుంది: వేళ్ల కొసలతో 1 కిలో బలంతో ఏదైనా పట్టుకుంటే, బొటనవేలి మొదట్లోని కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందట. నీళ్లోడుతున్న ప్యాంటు పిండాక గిన్నె కూడా ఎత్తలేకపోవడం నా ఓపిక తక్కువై కాదని ఆ రోజు తెలిసింది. ఆ మాటకే సగం ఊరట.

స్పిన్నర్ కొనకముందు పొడి తువ్వాలు పరిచి, దాని మీద తడి బట్ట వేసి, చాపలా చుట్టి కాళ్లతో తొక్కేదాన్ని. ఒకటి రెండు చొక్కాలకు బాగానే పనిచేస్తుంది. స్వెటర్లకు ఇప్పటికీ అదే చేస్తాను. కానీ బకెట్ నిండా బట్టలుంటే చివరికి ఆ తువ్వాళ్లనే ఆరేసుకోవాల్సి వస్తుంది.

ఇక స్పిన్నర్. ఇది ఉతకదు, వేడి చేయదు. డ్రమ్ వేగంగా తిరిగితే నీళ్లు చిల్లుల్లోంచి బయటికి పోతాయి, అంతే. మొదటిరోజు మూడు నిమిషాలు తిప్పి, చొక్కా తీసి బుగ్గకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది, చెమ్మగా ఉంది, కానీ ఒక్క చుక్క కూడా కారలేదు. కింద బేసిన్‌లో సబ్బు తెలుపు నీళ్లు. నేను పిండితే ఆ నీళ్లలో సగం కూడా వచ్చేవి కావు. బట్ట తేలికైపోవడంతో దండెం మీదికి వేయడమూ సులువైంది.

ఆ సంబరంలో అడిగినవాళ్లకల్లా "చేతులకు పనే ఉండదు" అని చెప్పాను. అది సరైన మాట కాదు. నీళ్లతో బరువెక్కిన బట్టల్ని బకెట్‌లోంచి డ్రమ్‌లోకి మనమే వేయాలి. ఇప్పుడు బకెట్‌ను డ్రమ్ ఎత్తుకు వచ్చేలా స్టూలు మీద ఖాళీగా పెట్టుకుని, అందులోనే నానబెట్టి జాడిస్తాను. తర్వాత ఒక్కో బట్టనూ ముంజేతుల మీద వేసుకుని జారవిడుస్తాను. తిరగడం ఆగాక బట్టలు డ్రమ్ గోడకు అతుక్కుని ఉంటాయి, వాటినీ ఊడదీయాలి. ముడతలు పోవాలని గట్టిగా దులిపితే మణికట్టు పట్టేస్తుంది. అందుకే హ్యాంగర్‌కు తగిలించి అరచేత్తో సాపు చేస్తున్నాను. స్ప్రింగు క్లిప్పుల జోలికి వెళ్లడం మానేశాను, అవి నొక్కడమంటే మళ్లీ ఆ బొటనవేలి పనే.

నా అసలు కోపం లోపలి మూత మీద. డ్రమ్‌లో బట్టలు వేశాక వాటి మీద పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి పెట్టి, అంచు గాడిలో పడేదాకా నొక్కాలి. అది రెండు బొటనవేళ్లతో నొక్కితే తప్ప కూర్చోదు. నొప్పి తగ్గుతుందని కొన్న వస్తువులో రోజూ నొప్పి పెట్టే భాగం ఇదొక్కటే. కొన్నాళ్లకు పెట్టడం మానేశాను. వారాల తరబడి ఏమీ కాలేదు.

కొన్న ఎనిమిదో నెలలో ఒకరోజు, టీషర్టుల మీద సాక్సులు, చేతిరుమాళ్లు వేసి తిప్పాను. ముందు ధడధడమంది, తర్వాత గర్రుమని ఆగిపోయింది. మోటారు మాత్రం మూలుగుతూనే ఉంది, రబ్బరు కాలిన వాసన వచ్చింది. కంగారుగా ప్లగ్గు పీకేశాను. డ్రమ్‌ను చేత్తో తిప్పితే సగం తిరిగి పట్టేస్తోంది. టార్చి వేసి చూస్తే, రుమాలు ఒకటి డ్రమ్ అంచు దాటి బయటి తొట్టికీ డ్రమ్‌కూ మధ్య పడిపోయింది. కింద ఇరుసుకు తాడులా చుట్టుకుని, కొస మాత్రం కనిపిస్తోంది. ఆ సందులో వేలు పట్టదు. హ్యాంగర్ తీగ వంచి కొక్కెం చేసి, ఒక చేత్తో డ్రమ్‌ను వెనక్కి తిప్పుతూ, ఇంకో చేత్తో లాగుతూ నలభై నిమిషాలు కూర్చున్నాను. రుమాలు నల్లటి పీలికలై వచ్చింది. నా బొటనవేలు రెండు రోజులు వాచింది. మెషిన్ మాత్రం బాగానే తిరిగింది. అప్పటినుంచి మొదలైనప్పుడు టక్కుమని ఒక చప్పుడు చేస్తుంది, అంతే.

ఆ తర్వాత చిన్నవన్నీ వల సంచిలో వేసి అడుగున పెడుతున్నాను. పెద్ద బట్టలు ఒకవైపే బరువు పడకుండా చుట్టూ సర్దుతాను. లోపలి మూతను అరచేతి మొదలు ఆనించి, ఒంటి బరువుతో నొక్కుతున్నాను. తీసేటప్పుడు చెంచా కాడతో అంచు లేపుతాను. ఇలా చేస్తే నొప్పి చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, రోజూ కొద్దికొద్దిగా ఉతుక్కుంటాం కాబట్టి నాకిది సరిపోయింది. వారానికోసారి దుప్పట్లన్నీ కలిపి ఉతికేవాళ్లకు చిన్న డ్రమ్ చాలదు. నొప్పి బొటనవేలిలో కాక భుజంలోనో నడుములోనో ఉంటే, తడి బట్టలు ఎత్తిపోయడమే పెద్ద సమస్య కావచ్చు, అక్కడ ఇది నాకు చేసినంత మేలు చేస్తుందని చెప్పలేను. తీసుకోవాలనుకుంటే మాత్రం లోపలి మూతను ముందు మీ చేత్తోనే రెండు మూడుసార్లు పెట్టి, తీసి చూడండి. చలి ఎక్కువగా ఉన్న ఉదయాల్లో నాకు ఇప్పటికీ అది మొదటిసారికి కూర్చోదు.