ఎలిఫెంటా గుహలు: టికెట్ల సంగతి, అమ్మ మోకాళ్ల సంగతి

ముంబైలో చూడాల్సింది ఒక్కటే చెప్పమంటే ఎలిఫెంటా అంటాను, అంటే సముద్రంలో దీవి మీద రాతిని తొలిచి చేసిన శివుడి గుహలు. కాకపోతే టికెట్ల సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి.

మేము వరంగల్ నుంచి వెళ్లాం, అమ్మా నేనూ. ముందురోజు ఒక ఏజెంట్ దగ్గర "అన్నీ కలిపి" అని బుక్ చేశాను. తీరా చూస్తే అందులో ఉన్నది లాంచీ ఒక్కటే. గుహల ప్రవేశ రుసుము వేరు. పురావస్తు శాఖ టికెట్ మన దేశస్థులకు 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. దీన్ని ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. లాంచీ టికెట్ గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర కౌంటర్లోనే దొరుకుతుంది, మధ్యవర్తి అక్కర్లేదు. దీవిలో దిగాక పంచాయతీ పన్ను, బొమ్మ రైలు ఎక్కితే దాని టికెట్. కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోండి. సోమవారం గుహలు మూసేస్తారు, ఆ రోజు అస్సలు పెట్టుకోకండి. వానాకాలంలో సముద్రం బాగాలేకపోతే లాంచీలు ఆపేస్తారు.

ప్రయాణం దాదాపు గంట. దిగాక 120 మెట్ల దాకా ఎక్కాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాకు అదే టెన్షన్. అక్కడ పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు. అమ్మ "మనుషుల మీద ఎక్కి శివుణ్ణి చూస్తానా?" అని ఒప్పుకోలేదు. ప్రతి పది మెట్లకీ ఆగుతూ ఎక్కింది. పొద్దున్న మొదటి లాంచీకే వెళ్లడం వల్ల ఎండ ముదరలేదు.

లోపల చీకటికి కళ్లు అలవాటు పడ్డాక ఎదురుగా మూడు ముఖాల సదాశివుడు కనిపించాడు. మధ్య ముఖం కళ్లు మూసుకుని ఉంది. మనకి ఎడమవైపు ముఖానికి మీసం, కోపం. కుడివైపు ముఖం మెత్తగా ఉంది, చేతిలో పువ్వు. ఒకే రాతిలో ఇంత తేడా ఎలా చెక్కారో! వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగినదాన్ని, అయినా అక్కడ నోట మాట రాలేదు. లింగం ఉన్న గదికి నాలుగు ద్వారాలు, ఒక్కో ద్వారానికి ఇద్దరు ద్వారపాలకులు. అమ్మ చెప్పులు విప్పి చుట్టూ ప్రదక్షిణ చేసింది. ఆ మండపంలో కనీసం గంటైనా కూర్చోండి, మిగతా గుహలు త్వరగా అయిపోతాయి.

ఇంకో మాట. పోర్చుగీసువాళ్లు దీవికి ఆ పేరు పెట్టింది అక్కడున్న రాతి ఏనుగును చూసి. అది ఇప్పుడు దీవిలో లేదు. 1864లో ఇంగ్లండుకు తరలించబోతే విరిగిపోయింది. తర్వాత ముక్కలు అతికించారు. ఇప్పుడు ముంబైలోనే బైకుల్లా అనే చోట, భావూ దాజీ లాడ్ మ్యూజియం పక్కన నిలబెట్టి ఉంది. మ్యూజియానికి బుధవారం సెలవు. అందుకే మేము మంగళవారం గుహలు, గురువారం బైకుల్లా పెట్టుకున్నాం. ఏనుగు ఒంటి మీద అతుకులు చూసి అమ్మ, "దీన్ని మళ్లీ దీవికి పంపించెయ్యొచ్చు కదే" అంది.