షాపులో డబ్బు పోయిందని స్టాఫ్‌కి పాలిగ్రాఫ్ పెట్టిస్తున్నారా? ప్రైవేటు టెస్టుపై సమీక్ష

క్యాష్ కౌంటర్‌లో డబ్బు తగ్గినా, గోడౌన్‌లో సరుకు మాయమైనా కొందరు ఓనర్లు పోలీస్ స్టేషన్ కంటే ముందు ఆలోచించేది ప్రైవేటు పాలిగ్రాఫ్ గురించి, అంటే అబద్ధాన్ని పట్టేస్తుందని చెప్పే యంత్రంతో చేసే టెస్టు గురించి. దీన్ని కొన్ని డిటెక్టివ్ ఏజెన్సీలు, ప్రైవేటు ఫోరెన్సిక్ సంస్థలు చేసిపెడతాయి. ఏ ఒక్క ఏజెన్సీ పేరూ ఎత్తకుండా, అసలు ఈ సర్వీసు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుందా అన్నదే ఇక్కడ చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: దొంగ ఎవరో తేల్చడానికైతే కొనొద్దు.

యంత్రంలో లోపమేమీ లేదు. ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి చొప్పున కట్టే రెండు రబ్బరు గొట్టాలు ఊపిరిని కొలుస్తాయి. మోచేతి పైన బీపీ పట్టీ చుడతారు. వేళ్లకు తగిలించే రెండు ప్లేట్లు చెమట వల్ల చర్మంలో విద్యుత్ ప్రసారం ఎంత మారుతోందో చూస్తాయి. కదలికలు పట్టడానికి కుర్చీలో ఒక ప్యాడ్ ఉంటుంది. ఇవన్నీ శరీరంలో వచ్చే మార్పును బాగానే పడతాయి. ఆ మార్పు ఎందుకు వచ్చిందో చెప్పే భాగం మాత్రం ఏ యంత్రంలోనూ లేదు. అబద్ధానికి, భయానికి, అవమానానికి, కోపానికి గ్రాఫ్ మీద వేర్వేరు గీతలు ఉండవు.

పద్ధతిగా చేస్తే మొత్తం రెండు మూడు గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం వైర్లు తగిలించక ముందు జరిగే మాటలే. అడగబోయే ప్రతి ప్రశ్నా అప్పుడే చదివి వినిపించాలి. టెస్టులో కొత్త ప్రశ్న వచ్చిందంటే ఆ చార్టును, అంటే ప్రశ్నలన్నీ ఒకసారి అడిగినప్పుడు వచ్చిన గ్రాఫ్‌ను, పక్కన పెట్టాల్సిందే. తర్వాత పదీ పదకొండు ప్రశ్నలు, ఒక్కోదానికి మధ్య 20 నుంచి 30 సెకన్లు ఆగుతూ, కనీసం మూడు చార్టులు తీస్తారు. పట్టీలో గాలి నిండి ఉన్నంతసేపూ చెయ్యి తిమ్మిరెక్కుతుంది కాబట్టి చార్టుకీ చార్టుకీ మధ్య గాలి తీసి విరామం ఇవ్వాలి. తొందరపడి ఇది వదిలేస్తే చివరి ప్రశ్నల దగ్గర వచ్చిన మార్పు నొప్పిదో, ప్రశ్నదో ఎవరూ చెప్పలేరు.

అసలు కీలకం ప్రశ్నల జతలో ఉంది. ‘కౌంటర్‌లో పోయిన ఆ డబ్బు తీసింది నువ్వేనా?’ అన్నది అసలు ప్రశ్న. ‘ఈ ఉద్యోగంలో చేరకముందు, నిన్ను నమ్మినవాళ్లని ఎప్పుడైనా మోసం చేశావా?’ అన్నది పోలిక ప్రశ్న. నిర్దోషికి పోలిక ప్రశ్న దగ్గర, దోషికి అసలు ప్రశ్న దగ్గర ఎక్కువ మార్పు వస్తుందని లెక్క. ఒక్కో చార్టులో, ఊపిరి, చెమట, బీపీ కొలతల్లో ఒక్కోదానికి విడిగా, ఒక్కో జతకూ +3 నుంచి −3 వరకు మార్కులు వేస్తారు. మూడు అసలు ప్రశ్నలుండే పాత పద్ధతిలో మొత్తం +6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పాస్, −6 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిల్, మధ్యలో ఉంటే ఏదీ తేలనట్టు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈ పద్ధతి నమ్మకమంతా దానిమీదే నిలబడింది. కానీ ఉద్యోగం పోతుందని బెదిరిపోయి కూర్చున్న మనిషి దొంగ కాకపోయినా భుజం తడుముకుంటాడు. అతన్ని ముంచేది పాత తప్పుల గురించి అడిగే పోలిక ప్రశ్న కాదు, దొంగతనం గురించి అడిగే అసలు ప్రశ్నే. ఇది ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు కాదు, పద్ధతిలోనే ఉన్న లోపం. పైగా గట్టి దొంగకు దారి తెలుసు. పోలిక ప్రశ్న దగ్గర నాలుక కొరుక్కోవడం, కాలి వేళ్లు నొక్కిపెట్టడం, మనసులో లెక్కలు చేసుకోవడం వల్ల ఆ గీతలు పెరుగుతాయి. కుర్చీలోని ప్యాడ్ కదలికను పట్టొచ్చేమో గానీ మనసులోని లెక్కను పట్టలేదు. సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మిన అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ ఈ టెస్టు పాసయ్యాడు.

ఏజెన్సీలు ‘90 శాతం కరెక్ట్’ అంటాయి. వాదన కోసం 85 శాతం ఒప్పుకుందాం. షాపులో 20 మంది ఉన్నారు, దొంగ ఒక్కడే. మిగిలిన 19 మందిలో 15 శాతం అంటే దాదాపు ముగ్గురు ఫెయిల్ అవుతారు. దొంగ కూడా దొరికాడనుకుంటే ఓనర్ చేతికి వచ్చేది నాలుగు పేర్లు, అందులో మూడు అమాయకులవి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003 నివేదికలో ఇదే లెక్క పెద్ద ఎత్తున వేశారు. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులుంటే, వాళ్లలో 8 మందిని పట్టేలా టెస్టును బిగిస్తే వాళ్లతోపాటు దాదాపు 1,600 మంది నిర్దోషులు ఫెయిల్ అవుతారు. నిర్దోషులను వదిలేలా సడలిస్తే గూఢచారుల్లో 8 మంది తప్పించుకుంటారు. కాబట్టి మొత్తం స్టాఫ్‌ను వరసగా కూర్చోబెట్టే ప్యాకేజీ అన్నిటికంటే చెడ్డ బేరం.

ఇక చట్టం. సెల్వీ వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న తేల్చి చెప్పింది: బలవంతంగా పాలిగ్రాఫ్ పెట్టకూడదు, అది రాజ్యాంగంలోని 20(3) (తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు), 21 (వ్యక్తి స్వేచ్ఛ) అధికరణలకు విరుద్ధం. ఇష్టపడి చేయించుకున్నా ఫలితాన్ని నేరుగా సాక్ష్యంగా తీసుకోరు. ఆ సమాచారం వల్ల తర్వాత దొరికిన వస్తువుకే విలువ. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిందితుడి సమ్మతిని మేజిస్ట్రేట్ ఎదుట నమోదు చేయాలి, లాయర్ అందుబాటులో ఉండాలి. హత్య కేసులో నిందితుడికే ఇన్ని రక్షణలుంటే, నెల జీతగాడి చేత ఓనర్ గదిలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని దాన్ని సమ్మతి అనడం అన్యాయం. ‘వద్దు’ అంటే దొంగ అనే ముద్ర పడే చోట ‘సరే’ అన్న మాటకు విలువేముంది? అమెరికాలో 1988 చట్టం చాలామంది ప్రైవేటు యజమానులకు ఈ టెస్టు పెట్టే హక్కే లేకుండా చేసింది. అనుమతి ఉన్న కేసుల్లో కూడా 48 గంటల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేకపోవడం పెద్ద లోటు.

కొంతమేరకైనా పనికొచ్చే పద్ధతి ఒకటుంది, దాన్ని అమ్మేవాళ్లు తక్కువ. జపాన్ పోలీసులు ఎక్కువగా వాడేది అదే. ‘తీశావా’ అని అడగరు. దొంగకు మాత్రమే తెలిసిన వివరం అడుగుతారు. ‘డబ్బు ఏ కవర్‌లో ఉంది? పసుపుదా, నల్లదా, బ్యాంకు కవరా, గుడ్డ సంచా, స్వీట్ బాక్సా?’ ఒక ప్రశ్నలో యాదృచ్ఛికంగా సరైనదాని దగ్గర గీత లేవడానికి అయిదింట ఒక అవకాశం ఉంది. ఆరు ప్రశ్నల్లోనూ అలా జరగడానికి 15,625లో ఒకటే. కానీ వివరం బయటికి పొక్కకూడదు. డబ్బు పోయిన రోజే ఓనర్ ‘పసుపు కవర్‌లో పెట్టాను’ అని అందరి ముందూ అరిచేస్తే ఈ టెస్టు అక్కడితో చచ్చినట్టే.

అయినా చేయించి తీరాలనుకుంటే ఒక్కరికే, ఒక్క సంఘటన మీదే చేయించండి. ప్రశ్నల జాబితా, అన్ని చార్టులు, మార్కుల షీటు, మొత్తం వీడియో ఇస్తామని ముందే రాయించుకోండి. కేసు వివరాలు తెలియని రెండో ఎగ్జామినర్ చేత చార్టులకు మళ్లీ మార్కులు వేయించండి. ‘పాస్’, ‘ఫెయిల్’ తప్ప మూడో ఫలితం మా దగ్గర ఉండదనే ఏజెన్సీని నమ్మొద్దు. గుండె జబ్బు, ఆస్తమా, గర్భం, బీపీకి వేసుకునే బీటా బ్లాకర్లు, రాత్రంతా నిద్రలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు టెస్టు ఆపాలి. ప్రశ్నలు తెలుగులోనే, సూటిగా ఉండాలి. ‘నువ్వు తీయలేదు కదా?’ అని అడిగితే తీయనివాడు ‘అవును’ అంటాడు, ‘లేదు’ అని కూడా అంటాడు.

కూర్చోమని మీకే చెప్తే, కాగితం చదివి సంతకం పెట్టండి. ‘ఫలితం ఆధారంగా నాపై చర్య తీసుకోరు, ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చు, రికార్డింగ్ కాపీ నాకు ఇస్తారు’ అన్న మూడు వాక్యాలు అందులో లేకపోతే మీ చేత్తో రాసి, ఓనర్ సంతకం కూడా అడగండి. టెస్టు అయ్యాక ‘యంత్రం నీ గుట్టు చెప్పేసింది, ఒప్పేసుకో’ అంటారు. గదిలో అసలు ఒత్తిడి మొదలయ్యేది అక్కడే. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన అవసరం మీకు లేదు, లేచి వచ్చేయొచ్చు.