జయనగర్ ఆయుర్వేద క్లినిక్‌లో ఇచ్చిన విజయా తైలం: ఆరు నెలల అనుభవం

ఎండోమెట్రియోసిస్‌కు (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాపరోస్కోపీ, అంటే చిన్న కోతలతో చేసే ఆపరేషన్, చేయించుకున్న తరువాత కొంతకాలం డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వాడాను. మనసు బాగా కుంగిపోతుండటంతో గైనకాలజిస్టు సలహాపై ఆపేస్తే, నడుమునూ పొత్తికడుపునూ మెలిపెట్టే పాత నొప్పి తిరిగి వచ్చింది. మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్రలతో కడుపులో మంట మొదలయ్యాక, బెంగళూరు జయనగర్‌లోని ఒక ఆయుర్వేద క్లినిక్‌లో చూపించుకుని విజయా తైలం తెచ్చుకున్నాను.

విజయ అంటే గంజాయి మొక్కే. నెల్లూరులో ఉన్న మా అమ్మ ఆ మాట విని, ‘అదేం మందు తల్లీ, పోలీసులు పట్టుకోరా?’ అని కంగారుపడింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మొక్క పూత కొసలనూ జిగురునూ నిషేధించిందే గానీ, విడి ఆకును గంజాయిగా లెక్కించలేదనీ, ఆ ఆకుతో లైసెన్సున్న ఆయుర్వేద సంస్థలు చేసే మందును వైద్యుల చీటీతో కొనుక్కోవచ్చనీ వివరించాక కుదుటపడింది.

క్లినిక్‌లో నాకు బాగా నచ్చింది వైద్యురాలి ఓపిక. ఆపరేషన్ కాగితాలన్నీ చదివి, నేను వేసుకునే మాత్రలన్నీ రాసుకుని, ‘పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా అమ్మా? అయితే ఇది వద్దు’ అన్నారు. గర్భాశయం బయట పెరిగిన పొర దీనితో కరగదనీ, ఇది నొప్పిని ఓర్చుకోవడానికి మాత్రమేననీ దాచకుండా చెప్పారు.

రాత్రి రెండు చుక్కలు నాలుక కింద వేసుకుంటే, పచ్చి ఆకు వాసనతో కూడిన చేదు గొంతు దాకా దిగుతుంది. ముప్పావు గంటకు నొప్పి మాయం కాదు గానీ, వేడినీళ్ల సంచిని అదుముకుని ముడుచుకుపోయిన నేను కాళ్లు చాపుకోగలుగుతాను. తెల్లవారుజామున మూడింటికి బాత్రూమ్ గచ్చు మీద కూర్చుని ఏడవడం తప్పింది, అది నాకు చాలా పెద్ద విషయం. నోరు ఎండిపోతుంది, పొద్దున తల కొద్దిగా తూలుతుంది. అందుకే ఆ రోజుల్లో స్కూటీ తీయకుండా మెట్రోలో వెళ్తాను.

నా ఫిర్యాదు సీసా గురించి. వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. మత్తు కలిగించే టీహెచ్‌సీ ఒక్కో చుక్కలో ఎంతుందో మాత్రం ఎక్కడా లేదు. రెండో సీసా తెరిచిన రాత్రి అవే రెండు చుక్కలకు మరునాడు పదింటి దాకా లేవలేకపోయాను. ఫోన్ చేస్తే కౌంటర్‌లోని అబ్బాయి ‘అన్నీ ఒకటే మేడమ్’ అన్నాడు. ఆ సీసా బ్యాచ్ పరీక్ష రిపోర్టు రాతపూర్వకంగా అడిగాను. అది వచ్చేదాకా ఒక్క చుక్కతోనే సరిపెట్టుకుంటున్నాను.