‘డబుల్ రోప్, సింగిల్ రోప్ రెండింటికీ ఒకటే కిట్’ అంటే నమ్మకండి: చెట్టెక్కే తాడు కొనేవాళ్ళకు జాగ్రత్త

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు సరదాకు తాడుతో చెట్లెక్కడం మొదలుపెట్టినవాళ్ళు ఆన్‌లైన్‌లో రూ. 6,499కి వస్తున్న ఒక కిట్ కొంటున్నారు. డబ్బా మీద పేరు ఒక్కోసారి ఒక్కోటి ఉంటుంది, లోపలి సామాను మాత్రం అదే. 12 మి.మీ. లావున్న నారింజ రంగు తాడు 30 మీటర్లు, నడుముకూ తొడలకూ బెల్టు, నాలుగు కారబీనర్లు (గేటున్న కొక్కేలు), కాలికి తగిలించుకునే అసెండర్ (తాడు మీద పైకి జరిగి కిందికి జారని పట్టు) ఒకటి, 8 మి.మీ. చిన్నతాడు రింగు, దిగడానికి ఫిగర్ ఎయిట్. ప్రకటనలో మూడు గొప్పలు: 80 అడుగుల చెట్టెక్కొచ్చు, రెండు పద్ధతులకూ పనికొస్తుంది, 2,200 కిలోలు మోస్తుంది. మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. పైసలు పోవడం ఒక ఎత్తు, దాన్ని నమ్మి నలభై అడుగుల మీద వేలాడటం ఇంకో ఎత్తు.

అసలు ఆ రెండు పద్ధతులు ఒకటి కావు. డబుల్ రోప్‌లో తాడును కొమ్మ మీదుగా వేసి, ఒక కొసను బెల్టుకు కట్టుకుని, రెండో పాయ మీద బ్లేక్స్ హిచ్ లాంటి పట్టుముడి (బరువు పడితే తాడును పట్టేసి, చేత్తో జరిపితే జరిగే ముడి) వేస్తారు. ఎక్కుతున్నకొద్దీ తాడు కొమ్మ మీద జరుగుతూనే ఉంటుంది. మనిషి 70 కిలోలుంటే ఒక్కో పాయ మీద సుమారు 35 కిలోలే పడతాయి, ముడి మీద కూడా అంతే. అందుకే ముడి చేతికి లొంగుతుంది, దిగేటప్పుడు వేళ్ళతో మెల్లగా కిందికి లాగితే చాలు. కాకపోతే ఒక అడుగు పైకి పోవాలంటే రెండు అడుగుల తాడు లాగాలి, పైన బెరడు రాపిడి అదనం. ముప్పై, నలభై అడుగుల చింతచెట్టుకు ఇది హాయిగా సరిపోతుంది. కొత్తవాళ్ళు నేర్చుకోవలసిందీ దీనితోనే.

సింగిల్ రోప్‌లో తాడు కదలదు. ఎక్కువమంది చేసేది, కొమ్మ మీదుగా వేసిన తాడు ఒక కొసను కింద మాను మొదట్లో కట్టేసి, రెండో పాయ మీద కాళ్ళ బలంతో ఎక్కడం. ఎత్తైన చెట్లకు ఒంటికి ఇదే తేలిక. కానీ లెక్క మారిపోతుంది. మనిషి బరువు 70 కిలోలు ఒక పాయను లాగితే, మొదట్లో కట్టిన పాయ కూడా దాదాపు అంతే లాగుతుంది. కొమ్మ మీద పడేది 140 కిలోలకు దగ్గర. బెరడు రాపిడి కొంత తగ్గిస్తుంది, ఎక్కేటప్పటి ఊపు అంతకు మించి పెంచుతుంది. పైన కొమ్మకే ముడి బిగించి ఎక్కితే 70 కిలోల భారమే ఉంటుంది గానీ, మీరు ఇరుక్కుంటే కిందివాళ్ళు మిమ్మల్ని దించలేరు. డబుల్ రోప్‌కు ఆగిన కొమ్మ సింగిల్ రోప్‌కు విరగొచ్చు. ఈ మాట కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు.

ఇక 80 అడుగుల సంగతి. 30 మీటర్లంటే 98 అడుగులు. డబుల్ రోప్‌లో తాడు పైకి పోయి మళ్ళీ కిందికి రావాలి. ముళ్ళకూ, బెల్టు కాడికీ, కొసకూ పోయేది తీసేస్తే మిగిలేది 43 అడుగుల ఎత్తు, మహా అయితే 45. మాను మొదట్లో కట్టే సింగిల్ రోప్‌కూ ఇదే గతి, పైగా మానుకు చుట్టే తాడు కూడా అందులోంచే పోవాలి. 80 అడుగులకు డబుల్ రోప్‌లో 53 మీటర్లకు తక్కువ కాకూడదు, మొదట్లో కట్టేదానికి 55 మీటర్లు. పొట్టి తాడుతో జరిగే ఘోరం ఏమిటంటే, దిగేటప్పుడు కొస ముడిలోంచి జారిపోతుంది. తాడు ఎంత పొడవున్నా కొసన ఎనిమిది అంకెలా ఉండే ముడి ఒకటి వేసి ఉంచాలి. కిట్ బొమ్మల్లో ఆ ముడి లేదు.

తాడును దగ్గరగా చూస్తే మోసం ఇంకా తేటగా కనబడుతుంది. మనిషి వేలాడే సాగని తాడుకు ఈఎన్ 1891 అనే యూరప్ ప్రమాణం ఉంది. అందులో ‘ఎ’ రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్లు (ఒక్కోటి సుమారు వంద కిలోల లాగుడు) ఆగాలి. అసలైన తాడు కొసను కోసి తొడుగును కొంచెం వెనక్కి జరిపితే, నడిమి పోగుల మధ్య సన్నని రిబ్బను కనబడుతుంది. దాని మీద తయారీదారు పేరు, ప్రమాణం నంబరు, రకం, తయారైన సంవత్సరం, ఏ పదార్థమో అన్నీ అచ్చువేసి ఉంటాయి, మీటరు లోపు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఈ కిట్ తాడులో రిబ్బనే లేదు. తెల్లటి పోగుల కట్ట, దాని మీద వదులుగా కూర్చున్న రంగు తొడుగు, అంతే. ఆ పోగులు రెండు అంగుళాలు కోసి నీళ్ళ బకెట్‌లో ముంచి, గాలి పోయేదాకా పిసికి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. ఈ తాడు పోగులు తేలాయి. లారీ మీద లోడు కట్టడానికి రాణిగంజ్‌లో కిలోల లెక్కన తూచి ఇచ్చే తాడుకు రంగు చొక్కా తొడిగారన్నమాట.

పాలీప్రొపిలీన్‌తో ఏం నష్టమంటే, అది దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది. నైలాన్ 220, పాలిస్టర్ 255 దాకా ఆగుతాయి. మన ఎండలకు త్వరగా పెళుసెక్కేదీ ఇదే. తొడుగు వదులుగా ఉండటం మరో గండం: పట్టుముడి కింద తొడుగు మాత్రమే జారి ముద్దగా పేరుకుంటుంది, ముడి పైకీ రాదు కిందికీ పోదు.

2,200 కిలోలు మోస్తుందన్న గొప్ప సంగతీ చూడండి. 22 కిలోన్యూటన్లంటే సుమారు 2,240 కిలోలే, నిజమే. కానీ అది తాడు తెగే బరువు. మనిషి వేలాడేటప్పుడు అందులో పదో వంతు మించనీయకూడదు. ముడి పడగానే బలంలో మూడో వంతు దాకా పోతుంది. పైగా ఇక్కడ ఆ అంకె ఉన్నది అంటించిన స్టిక్కరు మీద. యూరప్ నియమాలకు సరిపోయిందని చెప్పే సీఈ గుర్తు కూడా స్టిక్కరే. ఇలాంటి రక్షణ సామాను మీద సీఈ పక్కన పరీక్షించిన సంస్థ నాలుగంకెల నంబరు ఉండాలి. నంబరు లేని సీఈ గుర్తుకు విలువ లేదు.

చిన్నతాడు రింగును ప్రూసిక్ అనే పట్టుముడికి ఇచ్చారు. కిట్ కాగితంలో సింగిల్ రోప్ మీద ఈ ఒక్క ముడితో వేలాడి, కాలి అసెండర్‌తో ఎక్కుతున్న బొమ్మ ఉంది. అది మనిషిని చంపే బొమ్మ. డబుల్ రోప్‌లో సగం బరువు మోసే ముడి ఇక్కడ మొత్తం మోయాలి. బిగుసుకుపోతే చేత్తో విడవదు, బలవంతంగా విడిపిస్తే ఒక్కసారిగా జారి రాపిడి వేడికి పోగులు నున్నగా మెరిసే గట్టి మచ్చలవుతాయి. అలా మెరిసిన చిన్నతాడును ఇంకోసారి వాడకూడదు. సింగిల్ రోప్‌లో ముడి మీద భారం తగ్గించడానికి రోప్ రెంచ్ లాంటి పరికరం ముడి పైన ఉండాలి, చిన్నతాడు వేడికి కరగని అరామిడ్ కలిసినదై ఉండాలి. ఫిగర్ ఎయిట్‌తో దిగొచ్చు కదా అంటారేమో. దాంట్లోకి మారాలంటే ముందు ముడి మీద బరువు తీయాలి, తీయడానికి నిలబడే ఆధారం కాలి అసెండర్ ఒక్కటే. అది ఎక్కడానికి సాయం చేసేదే తప్ప ప్రాణం నిలిపేది కాదు. దానికున్న పళ్ళు గట్టి కుదుపుకు తొడుగును చీల్చేస్తాయి.

బెల్టులో వేలాడుతూ కదలకుండా ఉండిపోతే రక్తం కాళ్ళలోకి దిగి మనిషి స్పృహ తప్పొచ్చు. కింద రెండో తాడు, రెండో మనిషి లేకుండా ఎవరూ ఎక్కకూడదని చెప్పేది అందుకే. కిట్ బెల్టుకు పక్క రింగులు లేవు, ముందు రింగు కుట్టు ఒకే వరుస. నడుముకూ తొడలకూ పట్టే బెల్టుకు (సిట్ హార్నెస్) ఈఎన్ 813, నడుము పట్టీకి ఈఎన్ 358 ముద్ర చూడండి. బిల్డింగ్ పనివాళ్ళు వాడే ఐఎస్ 3521 హార్నెస్ మంచిదే, కానీ దాని వీపు వైపు రింగు ఉన్నది మనిషి పడితే ఆపడానికి, ఆ రింగుతో చెట్టెక్కలేరు. కారబీనర్ల గేటు తిప్పితే తెరుచుకునే స్క్రూ రకం, కొమ్మకు రాసుకుంటే విడిపోతుంది. మూడు కదలికలు చేస్తే గానీ తెరుచుకోని ఆటోలాక్ రకం తీసుకోండి.

భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నవాళ్ళకు ఇంకో మాట. మీ దగ్గరున్న డైనమిక్ తాడు (ఈఎన్ 892) పడినప్పుడు సాగి దెబ్బ తగ్గించడానికి చేసింది. దాన్ని చెట్టుకు వేసి సింగిల్ రోప్ ఎక్కితే మొదటి పది నిమిషాలు నేల మీదే ఊగుతుంటారు, పైన తాడు బెరడు మీద రంపంలా ఆడుతుంది. తాడు మంచిదే, పని వేరు.

డబుల్ రోప్‌కు తప్పనిసరైన బెరడు తొడుగు కిట్‌లో లేనే లేదు. తాడు పచ్చి పంగలో జరిగితే బెరడు కిందిపొర కాలి కొమ్మ ఎండుతుంది, మర్రి, రావి అయితే పాలు కారి తాడుకు అంటుకుంటాయి. తోలు గొట్టం తొడుగు గానీ, రెండు రింగుల పట్టీ గానీ పెట్టుకోవాలి. పైకి తాడు పంపడానికి కావలసిన సన్నని నున్నటి దారం (2 మి.మీ. లోపు), 300–400 గ్రాముల బరువు సంచీ కూడా విడిగా కొనుక్కోవలసిందే.

కొమ్మ 15 సెం.మీ.కు తక్కువ లావుండకూడదు, పచ్చిగా ఉండాలి, తాడు మాను పక్కనే పడాలి. ఎక్కే ముందు అదే పాయ మీద ఇద్దరు వేలాడి ఊగి చూడండి. చింత, మద్ది నమ్మదగినవి. నేరేడు, మునగ, తురాయి పెళుసు. తాటిచెట్టుకు ఈ పద్ధతులేవీ కుదరవు, తాడు వేయడానికి కొమ్మేది? ‘తాటికీ పనికొస్తుంది’ అని ప్రకటనలో కలపడం గీత కార్మికులను బుట్టలో వేసుకోవడానికే. వాళ్ళకు మోకు పద్ధతి వేరు, 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం సామాను వేరు. ప్రకటన ఫొటోలో ఊడల మర్రి ఉందని పిల్లలమర్రి మీద తాడు వేయబోకండి. 2018లో చెదలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టది. అమ్రాబాద్ అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఎక్కితే కేసవుతుంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు తాడు కొస కోయకముందే డబ్బా విప్పే వీడియో తీసి ఉంచండి, కోస్తే ‘వాపసు తీసుకోం’ అంటున్నారు. కోయకుండానే రిబ్బను ఫొటో పంపమని అమ్మినవాళ్ళను రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే అదే సాక్ష్యం. జీఎస్టీ బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయొచ్చు. అమ్మినవాళ్ళు ఎక్కడున్నా మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. డబ్బు వాపసు రాకపోతే తాడును గజం ముక్కలుగా కోసి గడ్డిమోపులకు వాడుకోండి. నిండు తాడుగా కొట్టంలో వేలాడదీస్తే ఏ పిల్లవాడో చెట్టుకు వేస్తాడు.