పద్మిని వైపర్‌కి కొత్త మోటర్ వద్దన్న షాపు (నెల్లూరు ఆటోనగర్)

వైపర్ సరిగ్గా ఆడకపోతే ‘మోటర్ పోయింది, కొత్తది తెచ్చుకోండి’ అనడం చాలా తేలిక. మా కావలిలో ఒకాయన స్విచ్ ఒక్కసారి నొక్కి చూసి ఆ మాట అనేశాడు. నాది మందుల షాపు. టెస్టులేమీ చేయించకుండా చీటీ రాసిచ్చే డాక్టర్లను రోజూ చూస్తూనే ఉంటాను కాబట్టి ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. మాది ప్రీమియర్ పద్మిని, పాత ఫియట్ కారు. దాని తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. మోటర్ కావాలంటే మద్రాసు పుదుప్పేటలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించాలి. దొరికినా అది ఎన్ని బండ్లు మారి వచ్చిందో ఎవరు చెప్తారు?

అందుకని నెల్లూరు ఆటోనగర్‌లో డైనమోలు, సెల్ఫ్ మోటర్లు రిపేరు చేసే ఈ షాపుకి తీసుకెళ్లాను. బోర్డు ఎండకి వెలిసిపోయి పేరు చదవడానికి రాదు. లోపల గోడకి పాత ఫియట్ డాష్‌బోర్డు ఒకటి తగిలించి ఉంటుంది, అదే గుర్తు.

మా మామగారి బండి, 1986 మోడల్. తుంపర పడితే వైపర్లు నీరసంగా ఆడతాయి. జోరు వానలో అద్దం మధ్యలోకి వచ్చి ఆగిపోతాయి. స్విచ్ ఆపితే కిందికి దిగవు, ఎక్కడున్నవి అక్కడే నిలబడతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన జిల్లాలో వానలెట్టా ఉంటాయో చెప్పక్కర్లేదు. పైగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర పడింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి ఆ తతంగం తప్పదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, హారన్‌తో పాటు వైపర్ కూడా వేయించి చూస్తారు. అదో టెన్షన్.

షాపాయనకి అరవై దాటి ఉంటాయి. ముందుగా చెంబుతో నీళ్లు తెచ్చి అద్దం మీద పోశాడు. పొడి అద్దం మీద వైపర్ వేస్తే రబ్బరు పట్టేసి మోటర్ మీద భారం పడుతుంది, అసలు జబ్బు తెలియదు అన్నాడు. తర్వాత ఫ్యూజు బాక్సు తెరిచి ఆ పింగాణీ ఫ్యూజులను ఒక్కొక్కటే వేలితో అటూ ఇటూ తిప్పాడు. వాటి కొసలు నల్లబడితే ఫ్యూజు కాలకపోయినా కరెంటు సరిగ్గా పోదట. ఒకటి తిప్పగానే వైపర్ కాస్త చురుకైంది. కానీ అది చాలదు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే దాదాపు 14 వోల్టులు చూపించింది. మోటర్ దగ్గర పెడితే 10 కూడా లేదు. ‘దారిలో ఎవరో తినేస్తుండారు సార్’ అని నవ్వి, బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు లాగి మోటర్ బాడీకి ఆనించాడు. వైపర్లు ఒక్కసారిగా పరుగందుకున్నాయి. అంటే ఎర్త్ లేదు. బండికి పెయింట్ వేయించినప్పుడు ఎర్త్ వైరు రింగు కిందకి కూడా రంగు పోయింది. పైకి చూస్తే బోల్టు గట్టిగానే ఉంది. రింగు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాడు.

అక్కడితో వదిలేస్తాడనుకున్నాను, వదల్లేదు. మోటర్ నుంచి వైపర్లని ఆడించే రాడ్డు విడదీసి మోటర్‌ని ఒంటరిగా ఆడించాడు. శబ్దం లేకుండా తిరిగింది. అప్పుడు రాడ్డుని చేత్తో కదిపి చూడమన్నాడు. డ్రైవర్ వైపు స్పిండిల్ (వైపర్ చేయి తిరిగే ఇరుసు) బిగుసుకుపోయింది, నా బలం చాల్లేదు. ‘మోటర్ బాగానే ఉండాది సార్. బరువు లాగలేక ఆగిపోతా ఉండాది. ఇట్టాగే తోలుంటే నిజంగానే కాలిపోయేది.’ వైపర్ చేతులు ఊడదీసే ముందు బ్లేడ్లు ఎక్కడ ఆనాలో అద్దం మీద సుద్దతో గీతలు గీశాడు. స్పిండిల్ మీద పళ్లుంటాయి, ఒక్క పన్ను తేడాగా బిగిస్తే బ్లేడు పోయి అంచుకి కొట్టుకుంటుంది. స్పిండిల్ లోపలి గ్రీజు గట్టిపడి బెల్లం రంగుకి వచ్చింది. కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టాడు.

ఇక కిందికి దిగకపోవడం సంగతి. మనం స్విచ్ ఆపినా, బ్లేడు అడుగుకి చేరేదాకా మోటర్‌కి కరెంటు ఇచ్చే కాంటాక్టు ఒకటి గేరు దగ్గర ఉంటుంది. అది నల్లబడిపోయింది. జీరో నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్దాడు, సరిపోయింది. మోటర్ లోపలికి కరెంటు అందించే కార్బన్లు ఇంకా సగం పైనే ఉన్నాయి, మార్చనక్కర్లేదని వాటిని చేతిలో పెట్టి చూపించాడు. అమ్ముకునే అవకాశం ఉండి కూడా అమ్మలేదు, ఆ ఒక్కదానికే నేను మార్కులేస్తాను.

తీసుకుంది మొత్తం 850 రూపాయలు. బిల్లు ఇవ్వడు. ఫోన్‌పే ఉంది కానీ స్కానర్ పక్క టీకొట్టు వాళ్లది, వాళ్ల దగ్గర కొట్టి వచ్చి చెప్పాలి.

బాగాలేనివీ ఉన్నాయి. సాయంత్రానికి ఇస్తానన్న బండి మర్నాడు మధ్యాహ్నానికి గానీ చేతికి రాలేదు, ఫోన్ ఎత్తడు. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు, నీడ కోసం లారీ పక్కన నిలబడాలి. వైరు అతుకులకి ఎర్ర టేపు చుట్టేశాడు. ఒరిజినల్ రంగులు చెడకూడదని చూసుకునేవాళ్లకి ఆ టేపు కంటగింపే. నలుపు వేయమని ముందే చెప్పుకోండి. డాష్ కింద స్క్రూ ఒకటి బిగించకుండా వదిలేశాడు, ఇంటికొచ్చి నేనే బిగించుకున్నాను.

బ్లేడ్లు ఈ షాపులో అమ్మరు. ఇప్పటి కార్ల బ్లేడ్ల కొక్కెం మన పద్మిని వైపర్ చేతికి పట్టదు, కాబట్టి పాత బ్లేడు ఊడదీసి చేత్తో పట్టుకెళ్లి, కొత్తదాని పక్కన పెట్టి కొలిచాకే కొనండి. ఫ్రేము బాగుంటే రబ్బరు ఒక్కటి మార్పించుకుంటే చాలు.