తొమ్మిదేళ్లు వాడాక మా కంటి బి-స్కాన్ గురించి

మా ఊరి కంటి ఆసుపత్రిలో బి-స్కాన్, అంటే శబ్దతరంగాలతో కంటి లోపలి బొమ్మ చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష, చేసేది నేనే. కంటికి ఆనించే 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్, చిన్న తెర, కాలితో నొక్కే స్విచ్చు, పక్కన థర్మల్ ప్రింటర్. తయారీదారు పేరు చెప్పను. తెల్లగా ముదిరిన శుక్లమో, మధుమేహం వల్ల లోపల నిండిన రక్తమో అడ్డుపడి డాక్టరుగారి వెలుగు కంటి వెనకనున్న పొర రెటీనా దాకా పోనప్పుడు రోగిని నా గదికి పంపుతారు. మూసిన రెప్ప మీద జెల్ రాస్తుంటే "కరెంటు పెడతావా బాబూ?" అని అడగని పెద్దవాళ్లు తక్కువ.

ఈ యంత్రం ప్రాణమంతా గెయిన్ మీటలో, అంటే తిరిగొచ్చే ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలో చెప్పే మీటలో ఉంది. పెంచితే కంటిని నింపే జెల్లీ లాంటి విట్రియస్‌లోని సన్నటి మసక కూడా తెర మీదికి వస్తుంది. తగ్గిస్తే బలహీనమైనవి రాలిపోయి గట్టివే మిగులుతాయి. ఒకసారి కంటినిండా రక్తంతో వచ్చిన ఒకాయనకు 90 డెసిబెల్ దగ్గర తెల్లటి పొర గరాటులా కనిపించింది. రెటీనా ఊడిందనే అనుకున్నాను. గెయిన్ 70కి దించితే పొర వెలవెలబోయింది. "కుడికి చూడండి, ఎడమకు చూడండి" అన్నాను. కన్ను ఆగింది, పొర ఆగలేదు. చేద ముంచి తీసిన బావిలో నాచులా ఊగుతూనే ఉంది. అది విట్రియస్ పొర. ఊడిన రెటీనా గెయిన్ తగ్గించినా మెరుస్తుంది, కంటి నరం మొదలును వదలదు, అంతగా ఊగదు. అయితే కొత్తగా ఊడిన రెటీనా కూడా కాస్త ఊగుతుంది, విట్రియస్ పొర కూడా ఒక్కోసారి నరానికి అంటుకునే ఉంటుంది. అందుకే ఏ ఒక్క గుర్తునూ నమ్మను.

నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. మా యంత్రంలో వీడియో దాచుకునే వీలు లేదు. నేను చూసిన ఊపు అచ్చులో కనిపించదు. అనుమానం వస్తే డాక్టరుగారినే గదిలోకి పిలుస్తాను. ఆ అచ్చు కూడా నిలవదు: రెండేళ్ల తర్వాత ఒకావిడ పాత రిపోర్టు తెస్తే దాదాపు తెల్లకాగితమే. ఇప్పుడు ప్రతిదాన్నీ ఫోనుతో ఫొటో తీసుకోమంటున్నాను.

అయిదో ఏట ప్రోబ్ మెడ దగ్గర కేబుల్ తెగి, మూడు వారాలు రోగులను వేరే ఊరికి పంపాం. దిక్కు చూపే తెల్లగీత ఎప్పుడో అరిగిపోయింది. గోళ్లరంగుతో నేనే మళ్లీ గీశాను. గీత ఎటుందో చూసుకోకపోతే తెర మీద పైది కిందిదవుతుంది. ఆ పొరపాటూ ఒకసారి చేశాను, తిట్లూ తిన్నాను.

రెటీనా ఆపరేషన్‌లో సిలికాన్ నూనె నింపిన కన్ను మొదటిసారి తెర మీద చూసి హడలిపోయాను, అంత పొడవుగా ఉంది. విట్రియస్‌లో శబ్దం సెకనుకు 1532 మీటర్లు పోతే ఆ నూనెలో 980 దాకానే పోతుంది. ప్రతిధ్వని ఆలస్యంగా రావడంతో యంత్రం కన్నునే సాగదీసి చూపిస్తుంది. కంటి ముందువైపున్న రంగుపొర ఐరిస్, నల్లగుడ్డు మీది పారదర్శక పొరతో అది కలిసే కోణం ఈ ప్రోబ్‌కు అందవు. వాటికి యూబీఎం, అంటే కంటి ముందు భాగాన్ని సూక్ష్మంగా చూపే 35 నుంచి 50 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ కావాలి. దెబ్బకు చిట్లిన కన్ను మీద మాత్రం, డాక్టరుగారు పక్కన నిలబడి చెబితే తప్ప, ప్రోబ్ ఆనించను.

కొత్తది కొందామని ఈమధ్య డాక్టరుగారు కేటలాగులు తెప్పించారు. ఆయన తెర సైజు చూస్తున్నారు. నేను వీడియో ఉందా, విడి ప్రోబ్ ఎన్నాళ్లకు పంపుతారు అని అడిగి రాసుకున్నాను.